డిక్కీ: ఎప్పటిలాగే

బావగారు పోయిన రోజు నా డైరీలో నాలుగే మాటలున్నాయి. "వాన. ఉదయం బావగారు పోయారు." దాని కింద రోజూ రాసే చోట ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, కారు మీటరు అంకె ఉన్నాయి. మరునాటి పేజీలో వాన, ఉష్ణోగ్రత మాత్రమే. ఆ తరవాతి రెండు నెలలూ ఇప్పుడు తిరగేస్తే పేజీలన్నీ ఒకేలా కనిపిస్తాయి. "వాన. నలభై ఎనిమిది. ఏమీ లేదు." మేముండే బాతెల్‌లో అక్టోబరు, నవంబరు నెలల్లో ఎలాగూ వానే కాబట్టి, ఎవరైనా చదివినా వింతగా ఏమీ అనిపించదు.

నేను ఏడవలేదు. ఏడుపు ఆపుకున్నానని కాదు, రాలేదు. భోజనం చేశాను, పడుకున్నాను, లేచాను. శనివారం సాయంత్రం నాలుగింటికి చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఎక్కడికి బయలుదేరానో గుర్తొచ్చి మళ్ళీ విప్పేశాను. అలా మూడు శనివారాలు జరిగింది. నాలుగో శనివారం చెప్పులు వేసుకోలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. నేను వంతెనల ఆఫీసులో ఉద్యోగానికి చేరిన రోజున పక్క టేబుల్ దగ్గర నుంచి లేచొచ్చి, "తెలుగువారేనా? అయితే మీరు నాకు బావగారే" అన్నారు. ముప్పై నాలుగేళ్ళు అదే పిలుపు. ఆయన నాకు బావగారైతే, ఆయన భార్య నాకు చెల్లెలు. మా ఆవిడ ఆమెను వదినా అని పిలిచేది. ఇలా రెండు ఇళ్ళకీ వరసలు ఒక్క పూటలో కుదిరిపోయాయి.

ఆయన గురించి చెప్పాలంటే గిన్నెల గురించి చెప్పాలి. మేం వచ్చిన కొత్తలో ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పది లోపే. ఎవరింట్లో గృహప్రవేశమో బారసాలో వస్తే నూరు మందికి వండే గిన్నెలు ఎవరికీ లేవు. అందరం కలిసి నాలుగు గుండిగలు, మూతలు, రెండు ఇనప పొయ్యిలు, చేంతాడంత పొడుగు గరిటెలు తెప్పించుకున్నాం. తరవాత ఎవరో రాతి గ్రైండరు ఒకటి చేర్చారు. ఇవి ఎవరింట్లో పెట్టాలన్నది తేలలేదు. బావగారు తన కారు డిక్కీలో పెట్టుకున్నారు. ఇక్కడ అందరూ ట్రంక్ అంటారు, మేమిద్దరం మాత్రం చివరిదాకా డిక్కీ అనే అన్నాం. అక్కణ్ణుంచి ఆ గిన్నెలు డిక్కీ దిగలేదు. ఎవరింట్లో శుభకార్యమైనా ముందు ఫోను ఆయనకే. ఆయన వెళ్ళి గుమ్మం ముందు డిక్కీ తెరిచేవారు, పని అయ్యాక కడిగిన గిన్నెలు మళ్ళీ అందులోనే పెట్టుకుని వచ్చేవారు.

"ఇంట్లో దింపకూడదా?" అని ఒకసారి అడిగాను.

"దింపితే మళ్ళీ ఎక్కించాలి కదా బావగారూ. వాటి కాపురం కార్లోనే" అన్నారు.

పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక వాళ్ళ అబ్బాయి కారు శుభ్రం చేస్తూ డిక్కీ తెరిచాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, దూరాన ఫ్రీమాంట్‌లో ఉద్యోగం. నన్ను పిలిచాడు.

"అంకుల్, ఈ గిన్నెలు ఎవరివి?"

"అందరివీ."

"అందరివీ అంటే... నేను ఎవరికి రిటర్న్ చెయ్యాలి?"

"మా గరాజ్‌లో పెట్టు" అన్నాను. వాడొక్కడే అన్నీ దింపాడు. నేను కాగితం మీద జాబితా రాశాను. ఆ కాగితం గ్రైండరు మీద పెట్టి, దాని మీద చిన్న గరిటె బరువు పెట్టి లోపలికి వచ్చేశాను. గ్రైండరుకు చెల్లెమ్మ పాత చీర ఒకటి చుట్టి కట్టి ఉంది. ఆ తరవాత గరాజ్‌లోకి వెళ్ళినప్పుడల్లా వాటిని దాటుకుని వెళ్ళాను, వచ్చాను.

అబ్బాయి వెళ్ళేముందు ఇంకో పని కూడా చేశాడు. ఒక్క మనిషికి రెండు కార్లెందుకని వాళ్ళమ్మ నడిపే చిన్న పాత కారు అమ్మించేశాడు. బావగారి కారు దానికంటే కొత్తది, పెద్దది. దాన్ని ఉంచాడు.

చెల్లెమ్మ ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. రక్తపరీక్షల విభాగం. ఇంకా రెండేళ్ళ ఉద్యోగం ఉంది. అక్టోబరు మధ్యలో మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. డ్యూటీ అయిదింటికి అయిపోతుంది. నవంబరు మొదట్లో, ఇక్కడి పద్ధతి ప్రకారం, గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక అయిదింటికి పూర్తిగా చీకటి.

అలా తిప్పిన వారంలోనే ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. గొడుగు మూసి గోడకు ఆనించి, కూర్చోకుండానే అంది.

"అన్నయ్యగారూ, నాకు రోడ్డు కనపడట్లేదు."

"వాన కదమ్మా."

"వాన లేని రోజు కూడా. దగ్గరికొచ్చేదాకా ఏదీ తెలియట్లేదు. ఇవాళ మలుపు దగ్గర పేవ్‌మెంట్ ఎక్కించేశాను."

మా ఆవిడ ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాం. వెళ్ళింది. కుడి కంట్లో శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోందనీ, డ్రైవింగ్‌కి అడ్డేమీ లేదనీ ఆయన చెప్పాడు. ఈ రెండు ముక్కల్లో మొదటిదే అందరి చెవులకీ ఎక్కింది.

ఆ ఆదివారం మా డైనింగ్ టేబుల్ మీద ఫోను స్పీకర్‌లో పెట్టి అబ్బాయితో మాట్లాడాం.

"అమ్మా, నువ్వు చీకట్లో డ్రైవ్ చెయ్యొద్దు. ఇట్స్ నాట్ సేఫ్."

"చీకట్లో చెయ్యకపోతే ఇంటికెలా రానురా? అయిదింటికే చీకటి."

"అదే అంటున్నా. థాంక్స్‌గివింగ్‌కి వస్తా కదా, అప్పుడు డిసైడ్ చేద్దాం. నువ్వు రిటైర్ అయిపోయి నా దగ్గరికి మూవ్ అవ్వు. హౌస్ అమ్మకానికి లిస్ట్ చేద్దాం."

"నా జాబ్ నాకుందిరా."

"అంకుల్, మీరు చెప్పండి. మీరు చెప్తే వింటుంది."

ఇద్దరూ ఆగారు. ఫోనులో వాడు, ఎదురుగా ఈమె. నేను టేబుల్ మీద ఉన్న ఉప్పు డబ్బా మూత చూస్తున్నాను. నాకు దేని మీదా ఏ అభిప్రాయమూ లేని రోజులు అవి. ఏదో ఒకటి అంటే ఈ మాటలు ముగుస్తాయని, "అబ్బాయి చెప్పేదాంట్లో తప్పేముందమ్మా" అన్నాను.

చెల్లెమ్మ నన్ను చూసింది. కప్పు తీసుకెళ్ళి సింకులో కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

"ఆవిడ కళ్ళ సంగతి ఆవిడ చెప్పుకుంటుంది. మీరెందుకు సంతకం పెట్టారు?" అంది మా ఆవిడ, తలుపు పడ్డాక.

"నేనేం సంతకం పెట్టాను?"

"పెట్టారు. వదిన మొహం చూళ్ళేదా?"

చూశాను. చూసినా నాలో ఏమీ కదల్లేదు. ఆ పేజీలో కూడా "ఏమీ లేదు" అనే రాశాను.

మరునాటి నుంచి ఉదయం తీసుకెళ్ళడం, సాయంత్రం తీసుకురావడం నేనే చేశాను, నా కార్లో. రెండు వారాలు. ఆసుపత్రి గేటు దగ్గర అయిదూ పదికి ఆమె నీలం కోటు కనిపించేది. ఎక్కి బెల్టు పెట్టుకునేది. మొదట్లో థాంక్స్ చెప్పేది, తరవాత మానేసింది. ఒకరోజు మాత్రం, "మీకు నేను డ్యూటీ అయిపోయాను అన్నయ్యగారూ" అంది.

"నాకు మాత్రం వేరే పనేముందమ్మా."

"నాకుంది. ఆ పనికి నేనే వెళ్ళి నేనే రావాలని ఉంది. ఆ ఇంటి గోడల మీద నాకేం మమకారం లేదు. అబ్బాయి దగ్గరికి ఎప్పుడో వెళ్తాను, వెళ్ళాలనిపించినప్పుడు. చీకట్లో కళ్ళు కనపడవని మాత్రం తీసుకెళ్ళొద్దు."

థాంక్స్‌గివింగ్ పండగ ఇంకా వారం రోజులుంది.

తరవాతి రోజు నా కారు టైర్లు మార్చడానికి ఇచ్చాను. సాయంత్రానికి గాని ఇవ్వమన్నారు. అందుకని బావగారి కారు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు వెలుతురుంది. తిరిగి వచ్చేటప్పుడు వీధి దీపాలు లేని మా కొండ రోడ్డు ఎక్కగానే, కాలు తనంత తానే బ్రేకు మీదికి వెళ్ళింది. కారు ముందు ఒక చాప పరిచినట్టు వెలుతురు. ఆ చాప అంచు దాటితే ఏమీ లేదు. మెయిల్ డబ్బాలు, రోడ్డు గీత, మలుపు, అన్నీ ఆ అంచు మీదికి వచ్చాకే పుడుతున్నాయి. ఇరవై మైళ్ళ వేగంతో వెళ్ళినా ఎక్కువే అనిపించింది.

కారు పక్కకు ఆపాను.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"మొదట్నుంచీ. చెప్తూనే ఉన్నాను కదా."

నిజమే. ఆమె చెప్తూనే ఉంది. రోడ్డు కనపడట్లేదంది, కళ్ళు కనపడట్లేదని ఎక్కడా అనలేదు. కళ్ళ మాట మేం తెచ్చింది. ముప్పై ఏళ్ళు వంతెనలు తనిఖీ చేసిన వాణ్ణి, ఎవరైనా పగులు ఉందంటే ముందు వెళ్ళి పగులు చూసేవాణ్ణి. ఈ కారు ఒక్కసారి ఎక్కి చూడాలని రెండు వారాలు నాకు తోచలేదు.

మర్నాడు ఆమెకు సెలవు. సాయంత్రం నాలుగున్నరకు కారు మా ఇంటికి తెప్పించాను. వాన తుంపరగా మారింది. హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయడం పెద్ద విద్యేమీ కాదు. కారును గరాజ్ తలుపుకు దగ్గరగా తెచ్చి, ఒక్కో లైటు మధ్య బిందువు ఎంత ఎత్తులో ఉందో కొలిచి, తలుపు మీద అదే ఎత్తున టేపు అతికించాలి. తరవాత కారును సరిగ్గా ఇరవై ఐదు అడుగులు వెనక్కి తీసుకెళ్ళి లైటు వెయ్యాలి. వెలుతురు పై అంచు ఆ టేపుకు రెండంగుళాల కింద పడాలి. ఎక్కువ కిందికి పడితే రోడ్డు కనపడదు, పైకి పడితే ఎదుటివాళ్ళ కళ్ళు పోతాయి. మా డ్రైవ్‌వే వాలుగా ఉన్నా ఆ వాలు మొదటి నుంచి తలుపు దాకా ఒకటే కాబట్టి కొలతకు ఇబ్బంది లేదు. అయినా తాడు కట్టి మళ్ళీ చూసుకున్నాను.

టైర్లలో గాలి ముప్పై రెండు దగ్గర సరిచేశాను. పెట్రోలు సగం ఉంది. సీట్లో కూర్చోమని చెల్లెమ్మను అడిగాను, ఎందుకంటే నడిపే మనిషి బరువు సీట్లో ఉండాలి.

"నీ బరువెంతమ్మా?" అన్నాను, కాగితం తీసి.

"ఆడవాళ్ళని బరువు అడుగుతారా?" అంది మా ఆవిడ, గొడుగు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి.

"నూట ఇరవై రెండు పౌండ్లు. రాసుకోండి" అంది చెల్లెమ్మ.

లైటు మధ్య ఎత్తు ఇరవై ఆరున్నర అంగుళాలు. వెలుతురు అంచు ఇరవై నాలుగున్నర దగ్గర పడాలి. పంతొమ్మిదిన్నర దగ్గర పడింది. అంటే అయిదంగుళాలు దిగిపోయింది. రెండో లైటు కూడా అంతే. ఒక లైటు దిగితే దెబ్బ తగిలిందనుకోవచ్చు. రెండూ సమానంగా దిగడం ఏమిటి?

బానెట్ తెరిచాను. లైటు వెనక ఎత్తు మార్చే స్క్రూ ఉంటుంది. టార్చి వేసి చూస్తే దాని తల మీద ఎర్ర చుక్క కనిపించింది. గోళ్ళ రంగు. స్క్రూ కదలకుండా, కదిలితే తెలిసేలా, తలకూ పక్కనున్న ప్లాస్టిక్కుకూ కలిపి నేను పెట్టిన చుక్క. వంతెనల బోల్టులకు రంగు గీత గీసే అలవాటు నాది. చుక్క చెక్కుచెదరలేదు. రెండో వైపూ అంతే. స్క్రూలు కదల్లేదు, లైట్లు మాత్రం దిగాయి.

ఈ పని ఇదివరకు నేనూ బావగారూ ఇక్కడే చేశామని అప్పుడు గుర్తొచ్చింది. డైరీలు గరాజ్ అరలో ఏడాది వారీగా ఉంటాయి. ఏడేళ్ళ కిందటిది తీశాను. కళ్ళజోడు తడిసిపోయి కనపడక మా ఆవిడ చేతికిచ్చాను. ఆమె లైటు కింద నిలబడి పైకి చదివింది.

"'బావగారి కొత్త కారు. ఎదుటివాళ్ళు లైట్లు కొడుతున్నారని ఫిర్యాదు. హెడ్‌లైట్లు దించాం. వాలు: సరిచూశాను. గాలి: నాలుగింట్లో ముప్పై రెండు. పెట్రోలు: సగం. సీట్లో: బావగారు, నూట డెబ్బై ఎనిమిది.' అమ్మో, అన్నయ్యగారు అంత ఉండేవారా? 'డిక్కీ: ఎప్పటిలాగే. లైటు మధ్య ఎత్తు ఇరవై ఏడు. వెలుతురు అంచు ఇరవై అయిదు.' అంతే." పేజీ తిప్పబోయి ఆగింది. "ఎప్పటిలాగే అంటే ఏమిటి?"

చెప్పడానికి ఆమె వైపు తిరిగాను. ఆమె వెనక చీర చుట్టిన గ్రైండరు ఉంది. దాని పక్కన ఒకదాంట్లో ఒకటి దూర్చిన గుండిగలు ఉన్నాయి.

ఆ పేజీలో అన్నిటికీ అంకెలున్నాయి, ఒక్కదానికి తప్ప. ఆ రోజు బావగారు, "గిన్నెలు దించనా?" అని అడిగారు. "ఎప్పుడూ ఉండే బరువుతోనే కొలవాలి, ఉండనివ్వండి" అని నేనే అన్నాను. అది సరైన పద్ధతే. వెనక అంత బరువుంటే కారు వెనక్కి కుంగి ముక్కు పైకి లేస్తుంది, లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడతాయి. అందుకే దించాం. ఆ బరువు ఏదో ఒకరోజు దిగుతుందని మాత్రం నేను అనుకోలేదు. అబ్బాయి గిన్నెలు దింపిన పూట కారు వెనక భాగం లేచింది, ముక్కు వంగింది. ఆ తరవాత చీకట్లో ఆ కారు మొదట నడిపింది చెల్లెమ్మ.

ఇదంతా చెల్లెమ్మకు కారు కిటికీలోంచి చెప్పాను. విని, "అయితే చూపించండి" అంది.

బాత్‌రూమ్‌లో బరువు చూసుకునే యంత్రం తెచ్చి ఒక్కో వస్తువూ తూచాను. గ్రైండరు తొంభై ఆరు. మా ఆవిడ అంది, "డెబ్బై దాటాక గ్రైండర్లు ఎత్తితే రేపు మిమ్మల్ని ఎవరెత్తాలి?" అంటూనే రెండో వైపు పట్టుకుంది. చెల్లెమ్మ దిగి చెయ్యి వేసింది, డిక్కీలో పెట్టాక మళ్ళీ వెళ్ళి సీట్లో కూర్చుంది. నేను తలుపు దగ్గరికి వెళ్ళి కొలిచాను. వెలుతురు అంచు రెండంగుళాలు పైకి వచ్చింది. గుండిగలు పెట్టాం. ఇంకొంచెం లేచింది. ఇనప పొయ్యిలు, మూతలు, గరిటెలు. ఒక్కోటీ పెడుతుంటే తెల్లటి తలుపు మీద ఆ వెలుతురు గీత మెల్లిగా పైకి జరిగింది. మొత్తం రెండు వందల అరవై రెండు పౌండ్లు. గీత ఇరవై అయిదు దగ్గర ఆగింది. డైరీలో ఉన్న అంకె.

నేను ఆ అంకె మరోసారి సరిచూసుకున్నాను.

"ఏడేళ్ళు ఈ బరువుతోనే తిరిగారా ఆయన?" అంది చెల్లెమ్మ, సీట్లోంచే.

"ఇంకా ఎక్కువే. అంతకు ముందు కార్లో కూడా ఇవే కదా."

"నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు, బరువని."

నాకు ఆ గీతను అక్కడే ఉండనివ్వాలనిపించింది. ఎందుకో తెలియదు. "ఇలాగే ఉంచేస్తే స్క్రూలు ముట్టుకోనక్కర్లేదమ్మా. గిన్నెలు కార్లోనే ఉంటాయి, ఎప్పటిలాగే" అన్నాను.

ఆమె తల బయటికి పెట్టి నన్ను చూసింది. "నేను డ్యూటీకి గ్రైండరు వేసుకుని వెళ్ళాలా అన్నయ్యగారూ?"

మా ఆవిడ ఫక్కున నవ్వింది. సెప్టెంబరు తరవాత మా ఇంట్లో ఆ చప్పుడు అదే మొదటిది. చెల్లెమ్మ కూడా నవ్వింది, కాసేపటికి ఆపింది.

"దింపేయండి. ఖాళీ డిక్కీకే పెట్టండి. ఆయనకు అది సరదా. నాకు రోడ్డు కనపడాలి."

అన్నీ మళ్ళీ దింపాం. దించడం ఎక్కించడం కంటే కష్టమైంది. చెల్లెమ్మ సీట్లో కూర్చుంది. నేను స్టార్ స్క్రూడ్రైవరు తీసుకుని బానెట్ మీద వంగాను. మొదట స్క్రూ తిరగలేదు. గట్టిగా నొక్కి తిప్పితే ఎర్ర చుక్క పగిలి పెచ్చులు నా బొటనవేలికి అంటుకున్నాయి. వాటిని తుడుచుకోకుండా కాసేపు అలాగే చూశాను. ఆ చుక్క పెట్టిన రోజు ఆయన ఇదే సీట్లో కూర్చుని, "ఇంకెంతసేపు బావగారూ, కాలు తిమ్మిరెక్కింది" అన్నారు. అది డైరీలో లేదు.

"ఏమైంది?" అని అడిగింది చెల్లెమ్మ.

"ఏమీ లేదు" అన్నాను. పావు చుట్టు తిప్పాను. మా ఆవిడ తలుపు దగ్గర కొలత టేపు పట్టుకుని అంకెలు చెప్పింది. ఇరవై. ఇరవై ఒకటిన్నర. ఇంకా. ఇంకొంచెం. చాలు, చాలు, ఎక్కువైంది. ఇరవై నాలుగున్నర దగ్గర ఆపాను. రెండో వైపు కూడా అయ్యాక మా ఆవిడ గోళ్ళ రంగు సీసా తెచ్చింది. ఆ ఎరుపు దొరకలేదట, గులాబీ రంగు. చెల్లెమ్మ కారు దిగి వచ్చి రెండు చుక్కలూ తనే పెట్టింది.

"ఆ రోజు ఫోన్‌లో నేను తప్పు చెప్పానమ్మా" అన్నాను.

"తెలుసు. అది నాకు కాదు, అబ్బాయికి చెప్పండి" అంది. తలుపేసుకుని ఒక్కతే కొండ రోడ్డు ఎక్కి వెళ్ళిపోయింది. మలుపు దాకా ముందున్న చెట్ల మొదళ్ళు ఒక్కొక్కటే వెలిగాయి.

అబ్బాయికి ఆ సాయంత్రమే ఫోను చేశాను. వాడు అంతా విని, "సో, ఇట్స్ మై ఫాల్ట్? ట్రంక్ ఎంప్టీ చేసింది నేనే కదా" అన్నాడు.

"కాదు నాయనా. ఏడేళ్ళ కిందట నేను ఒక అంకె రాయలేదు. రెండు వారాల కిందట చూడకుండా మాట్లాడాను. రెండూ నావే."

"మరి కళ్ళు?"

"డాక్టరు సరిపోతాయన్నాడు. మనం వినలేదు. వచ్చినప్పుడు నువ్వే కూర్చుని చూడు."

థాంక్స్‌గివింగ్ ముందు రోజు విమానాశ్రయానికి వెళ్ళి వాణ్ణి తెచ్చింది ఆమే. సాయంత్రం ఆరింటికి, వానలో. దారిలో మా ఇంటి దగ్గర ఆగారు. అబ్బాయి లోపలికి వచ్చి బూట్లు విప్పుతూ మెల్లిగా అన్నాడు.

"అంకుల్, అమ్మ సెవెంటీలో వస్తోంది."

"భయమేసిందా?"

"కొంచెం."

"రోడ్డు కనపడిందా?"

"కనపడింది. చాలా దూరం వరకు." సాక్సు సరిచేసుకున్నాడు. "హౌస్ గురించి ఈ ట్రిప్‌లో మాట్లాడను."

వెనకనుంచి చెల్లెమ్మ, "అరవై అయిదేరా, అబద్ధాలు చెప్పకు" అంది.

తరవాత రెండేళ్ళూ ఆమె ఆ కారులోనే ఉద్యోగానికి వెళ్ళి వచ్చింది.

గిన్నెలు మా గరాజ్‌లోనే ఉండిపోయాయి. ఆ డిసెంబరులోనే ఒక ఫోను వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్ర దంపతులు, అమ్మాయికి సీమంతం.

"అంకుల్, పెద్ద గిన్నెలు మీ దగ్గరున్నాయట కదా? గ్రైండర్ కూడా కావాలి."

ఎవరు చెప్పారని అడగలేదు. చెల్లెమ్మే చెప్పి ఉంటుంది. ముందురోజు సాయంత్రం అయిదింటికి అవన్నీ నా డిక్కీలోకి ఎక్కించాం. మా ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. చెల్లెమ్మ తన కార్లో మా వెనక వచ్చింది, వడల పిండి కుదరకపోతే చూడాలంటూ.

వంతెన దాటగానే ఎదురుగా వస్తున్న కారు రెండుసార్లు లైట్లు కొట్టింది. తరవాత ఇంకోటి. దాని తరవాత ఒక లారీ, హారన్ కూడా మోగించి.

"ఏమిటి వీళ్ళందరికీ మీతో పరిచయం?" అంది మా ఆవిడ.

నేను అద్దంలో చూశాను. వెనక చెల్లెమ్మ కారు లైట్లు నా అద్దంలోకి రావట్లేదు. అద్దం అంచుకు కిందే, నా డిక్కీ మూత మీద వాన చినుకులు మెరిసే దగ్గరే, ఆగి ఉన్నాయి. ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడ. ఆరు మైళ్ళూ అలాగే వచ్చాయి.

ఆ ఇంటి ముందు దిగగానే ఆమె గొడుగు విప్పుకుంటూ వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ లైట్లు ఆకాశంలోకి చూస్తున్నాయి. దారిపొడుగునా అందరూ మిమ్మల్ని తిట్టుకుంటున్నారు."

"తెలుసమ్మా."

"ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోకూడదూ?" అని నా చేతిలోంచి గరిటెలు లాక్కుని లోపలికి వెళ్ళింది.

ఇంటికి వచ్చాక ఆ రోజు పేజీ రాశాను. "వాన. నలభై ఒకటి. గిన్నెలన్నీ సీమంతానికి. డిక్కీ: రెండు వందల అరవై రెండు పౌండ్లు. నా లైట్లు పైకి ఉన్నాయి. చెల్లెమ్మవి సరిగ్గా ఉన్నాయి."